సగం బల్ల, మొత్తం పేరు

మొదట్లో నా చేతిలో ఏముందయ్యా అంటే ఒక సోల్డరింగ్ ఐరన్, దాని మొన కాస్త వంకర; ఒక స్క్రూల డబ్బా, అందులో సగం స్క్రూలు ఏ సామానుకూ పట్టనివి; ఒక సగం బల్ల. సగం అని మాటవరసకు అనడం లేదు, నిజంగా సగమే. మిగతా సగం గొడుగులు బాగుచేసే పెద్దాయనది. మధ్యలో సుద్దముక్కతో గీత. సాయంత్రానికి ఆ గీత మా మోచేతుల కింద చెరిగిపోయేది, పొద్దున్నే ఆయన మళ్లీ గీసేవాడు, గీసిన ప్రతిసారీ అది వేలెడు నావైపు జరిగేది, ఆయన టీ తాగడానికి వెళ్లినప్పుడు నేను దాన్ని వేలెడు అటు జరిపేవాణ్ణి, ఇద్దరం ఆ సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. ఇవాళ ఈ ట్రేడ్‌మార్క్ ఆఫీసు వరండాలో, ఈ చెక్క బెంచీ మీద మా అక్కకూ మా లాయరమ్మకూ మధ్య ఇరుక్కుని లోపలి గది తలుపు వంక చూస్తూ కూర్చుంటే, ఇన్నేళ్ల తర్వాత ఆ సుద్దగీత కళ్లముందు అటూ ఇటూ జరుగుతోంది. ఎదురు బెంచీ మొత్తం వాళ్లదే. ముగ్గురు లాయర్లు, ముగ్గురి ఒళ్లోనూ ఒకే రంగు ఫైళ్లు, వాళ్ల చివర టై కట్టుకున్న ఒకాయన. వాళ్ల బెంచీకి వీపు ఆనించుకునే చెక్క ఉంది, మాదానికి లేదు. అది కూడా లెక్కలో రాసుకోవాలి.

లోపల ఇప్పుడు విచారణ చేసే మేడం ముందు రెండు సబ్బుల కంపెనీలు పోట్లాడుకుంటున్నాయి. తలుపు సరిగ్గా పడదు, గడియ దగ్గర సందు, అందులోంచి అన్నీ వినబడుతున్నాయి. ఆకుపచ్చ రంగు మాదంటే మాదని ఇద్దరు గొంతులు చించుకుంటున్నారు. ఆకుపచ్చ రంగు మీద పేటెంటు పెట్టుకుని పుట్టారా వీళ్లు అని అక్క నా చెవిలో గొణిగింది. వాళ్ల తర్వాతి నంబరు మాది. మాది పేరు గొడవ. టుంబు. మేం చేసే చిన్న స్పీకరు పేరు టుంబు, అరచేతిలో పట్టేంత, ఫోనులో పాట పెడితే అది పాడుతుంది, అంతకు మించి దానికేమీ రాదు. ఎదురు బెంచీ వాళ్ల కంపెనీ చేసేది, ఇంట్లో ఓ మూల కూర్చుని పేరు పెట్టి పిలిస్తే పలికే యంత్రం. లైటు వెయ్యమంటే వేస్తుంది, సామాన్లు తెప్పించమంటే తెప్పిస్తుంది, ఈమధ్య వాళ్ల ఫోన్లలోకి కూడా దాన్ని ఎక్కించారు. దాన్ని పిలవాల్సిన పేరు కూడా టుంబే. వాడుకలో మేం ముందు, వాళ్ల యంత్రం పుట్టకముందు నుంచీ మా స్పీకరు అంగళ్లలో ఉంది. రిజిస్ట్రీ కాయితం మాత్రం వాళ్ల దగ్గర ఉంది. ఆ కాయితం కొట్టెయ్యమని మా అర్జీ, మా పేరు మాన్పించమని వాళ్ల అర్జీ. గెలిస్తే పేరు మాది. ఓడితే గోదాములో కట్టలు కట్టి ఉన్న సరుకంతా చితక్కొట్టించి, చితక్కొట్టినట్టు ఫోటోలు కూడా మేమే పంపాలి.

ఇవి రెండూ కాక మూడో దారి నా చొక్కా జేబులో నాలుగు మడతలు పడి ఉంది. మేం మెట్లెక్కి వస్తుంటే టై ఆయన ఎదురొచ్చి, మా అక్కకు నమస్కారం పెట్టి, నాకు చెయ్యిచ్చి, ఆ చేతిలోంచే కాయితం నా చేతిలోకి జార్చాడు. నంబరు పిలిచేలోపు సంతకం పెడితే అందులో ఉన్న అంకె నాది, పేరు వాళ్లది. పిలిచి తలుపు దాటాక ఆ కాయితం చెల్లదు. అంకె చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను, వ్యాపారస్థుణ్ణి, అంకె కనబడితే కన్ను అక్కడికే పోతుంది. అద్దె షెడ్డులో నడిచే వ్యాపారానికి సొంత కప్పు వస్తుంది ఆ అంకెతో, పైన ఇంకో అంతస్తు కూడా. లాయరమ్మ చదివి, ఒక్క మాట కూడా అటూ ఇటూ చెప్పకుండా నాకు తిరిగి ఇచ్చేసింది. ఈ అమ్మాయిది అదే పద్ధతి, చట్టం తను చెబుతుంది, బేరం నన్ను చేసుకోమంటుంది. అక్క మాత్రం కాయితం ముట్టుకోలేదు. ఒళ్లో గుడ్డసంచీ పెట్టుకుని, అందులో నమూనాగా తెచ్చిన స్పీకరు మీద చెయ్యి వేసి, బస్సులో పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకు కూర్చుంది.

ధర లేని వస్తువంటూ నా కొట్లో ఎప్పుడూ లేదు. నేను కూర్చున్న కుర్చీ ఎవరో బాగుందంటే అమ్మేసి, ఆ పూటంతా డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చున్నాను. గోడ గడియారం అమ్మాను. మా బావ, అంటే అక్క మొగుడు, సరుకు తోలుకొచ్చే వ్యాను మీద చేతులు వేసి చూస్తున్న మనిషిని చూసి నేను ధర చెప్పబోతుంటే, ఒరే బామ్మర్దీ, అందులో నేను కూర్చుని ఉన్నాను, నన్ను కూడా కలిపి చెప్పకు అని కేకేశాడు. అలాంటివాణ్ణి ఇవాళ ఒక పేరు అమ్మడానికి ఎందుకు తటపటాయిస్తున్నాను. పేరు అంటే బరువు లేదు, చెదలు పట్టదు, గోదాములో చోటు అక్కర్లేదు. అంతకంటే తేలిగ్గా అమ్ముడుపోయే సరుకు ఏముంటుంది. అలా అనుకుని జేబులోకి చెయ్యి పోనిచ్చి పెన్ను తాకి చూశాను కూడా. పక్కన అక్క తల తిప్పలేదు, సంచీలో వేళ్లు మాత్రం బిగుసుకున్నాయి.

పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే లోపం నుంచి వచ్చింది. సగం బల్ల నుంచి షెడ్డుకు మారిన కొత్తలో సొంతంగా స్పీకర్లు కట్టడం మొదలుపెట్టాను. కట్టిన ప్రతి ముక్కా స్విచ్చి వెయ్యగానే టుమ్మని గుండె గుభేలుమనేట్టు ఒక చప్పుడు చేసేది. చవక బోర్డుల్లో అది మామూలే, కరెంటు ఒక్కసారిగా స్పీకరు మీద పడుతుంది, అది ఆపడానికి ఇంకో చిన్న భాగం వెయ్యాలి, వేస్తే మాకు మిగిలేది ఏమీ ఉండదు. కొన్నవాళ్లు తిరిగి తెచ్చి మొహాన కొట్టేవాళ్లు. ఏమయ్యా, ఇది పాటలు పాడేదా, టపాకాయా అని. మా అమ్మాయి అప్పటికి ఇంకా మాటలు కూడగట్టుకుంటోంది, నేల మీద కూర్చుని ఆ చప్పుడు వినబడ్డప్పుడల్లా చప్పట్లు కొట్టి టుంబూ, టుంబూ అని గెంతేది. ఇప్పుడా పిల్లకు కాలేజీ, ఈ కథ తన స్నేహితుల ముందు చెబితే ఇంటికి రానంటుంది. ఆ రోజు మాత్రం నేను దిగులుగా ఉన్నాను, వెనక్కి వచ్చిన సరుకు చుట్టూ పేర్చుకుని కూర్చున్నాను, పిల్ల ఒక్కతే ఆ లోపం చూసి సంబరపడింది. చూసి చూసి అక్క అంది, "ఒరే, ఆ చప్పుడు ఆపలేమన్నావుగా. ఆపొద్దు. దాని వెనకాలే ఒక మాట పలికించు. అది మాట మొదలనుకుంటారు, దెబ్బ అనుకోరు." అంతే. బోర్డు చిప్పులో ఒక మాట పట్టే చోటు ఎలాగూ ఉంది, వేరే ఖర్చు లేదు. చప్పుడు వెనకాలే పిల్ల పెట్టిన పేరు. లోపాన్ని అమ్మిన వ్యాపారి నేనొక్కణ్ణే అనుకోను, దానికి పేరు పెట్టి అమ్మింది మాత్రం మేమే.

గొంతు ఎవరిదనేది తర్వాతి ప్రశ్న. స్టూడియోలో మాట్లాడే అమ్మాయి ఒక్క మాటకు అడిగిన డబ్బుతో మేము వెయ్యి మాటలు పలికించుకోవచ్చు. అందుకని అక్కను బీరువాలో కూర్చోబెట్టాం. నిజంగానే బీరువాలో, దుప్పట్ల మధ్య, తలుపు సగం మూసి, గదిలో ప్రతిధ్వని రాకుండా. తియ్యగా అనవే అంటే తియ్యగా అంది, పేలవంగా ఉంది. సంతోషంగా అనమంటే నవ్వింది. ఎన్నోసార్లు అనిపించాక లోపల ఉక్కపోసి, మెడ పట్టేసి, బావ బయట నిలబడి నవ్వుతుంటే ఒళ్లు మండి, అల్లరి పిల్లను వీధి చివరి నుంచి పిలిచినట్టు "టుంబూ!" అని ఒక్క అరుపు అరిచింది. అదే పెట్టాం. జనానికి అదే నచ్చింది. కొట్టుకు వచ్చి ఆ కసురుకునే స్పీకరు ఇవ్వండి అనేవాళ్లు. ఒకావిడ అయితే, మా అత్తగారు పోయాక ఇంట్లో నన్ను పొద్దున్నే కసిరేవాళ్లు లేక బోసిపోయింది, ఇదొకటి పడెయ్యండి అని పట్టుకుపోయింది. బజారు ఎంత గోలగా ఉన్నా ఆ పిలుపు రద్దీలోంచి చీల్చుకుని వినబడేది. ఎదురు బెంచీ వాళ్లు తమ జవాబులో రాశారు, వేల పేర్లు కంప్యూటరుకు ఇచ్చి పరీక్షించి, ఎంత చప్పుడులోనైనా స్పష్టంగా వినబడే పేరు ఎంచుకున్నామని. చదివి నవ్వొచ్చింది. మా పరీక్ష బీరువాలో అయింది, వాళ్లది ఇంకెక్కడో, తేలింది మాత్రం ఒకటే. తేలిన పేరు అప్పటికే అంగట్లో ఉందా లేదా అని బయటికి వచ్చి ఒక్కసారి అడిగి ఉంటే మాకూ వాళ్లకూ ఈ బెంచీలు తప్పేవి.

షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది, ఎవరూ నేర్పింది కాదు. కట్టిన స్పీకరు పెట్టెలోకి వెళ్లేముందు స్విచ్చి వెయ్యాలి, అది టుంబూ అని పిలవాలి, పిలిస్తే బల్ల దగ్గర ఉన్నవాళ్లు ఆఁ అనాలి. ఆఁ అంటేనే అది పెట్టెలోకి. మొదట్లో అక్క తన గొంతుకు తనే ఉలిక్కిపడి ఆఁ అనేది, ఎవరో పిలిచారనుకుని. చూసి పనివాళ్లు నవ్వి, ఆటగా వాళ్లూ అనడం మొదలుపెట్టారు, ఆట కాస్తా పద్ధతి అయిపోయింది. ఇప్పుడు షెడ్డు ముందు నుంచి వెళ్లేవాళ్లకు ఒకావిడ పొద్దస్తమానం ఎవరినో పిలుస్తున్నట్టూ, ఎవరో ఒకరు పలుకుతున్నట్టూ వినబడుతుంది. పలకకుండా ఒక్క ముక్క కూడా గుమ్మం దాటలేదు. అక్క ఇంకా ఒక ఆకు ఎక్కువ చదివింది, పరీక్షించకుండా ఏ సామానూ తన చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్లనివ్వదు, పెళ్లికి బహుమతిగా ఇచ్చిన మిక్సీని పెళ్లివాళ్ల ముందే ప్లగ్గు పెట్టి తిప్పి చూసి మరీ ఇచ్చిన మనిషి.

ఇంత చేసి నేను తప్పిందెక్కడంటే రిజిస్ట్రీ దగ్గర. పేరు రిజిస్టరు చేయించాను, చేయించలేదని కాదు. అప్పటికి ఇంకా రిపేర్లే ఎక్కువ, కొట్టు మీద బోర్డు కూడా టుంబు రిపేరు అనే. ఇదే ఆఫీసులో, ఈ మెట్ల కింద కిటికీ దగ్గర గుమాస్తా ఏం పని చేస్తావని అడిగితే రిపేరు అన్నాను. రిపేరు పనుల క్లాసులో రాసుకున్నాడు. వస్తువులది వేరే క్లాసు అని నాకేం తెలుసు. పిల్లకు పేరు పెట్టాక ఈ వీధిలో ఒక పేరు, పై వీధిలో ఒక పేరు ఉంటుందా, పెట్టింది పెట్టిందే అనుకున్నాను. తర్వాత రిపేర్లు మానేసి స్పీకర్లే కట్టాను, దేశం నలుమూలలా అమ్మాను, మళ్లీ ఈ గుమ్మం తొక్కలేదు. వస్తువుల క్లాసులో ఆ చోటు ఖాళీగా పడి ఉంది, వాళ్లు వచ్చి కూర్చున్నారు. సుద్దగీత చెరిగిన రోజున నేను టీకి వెళ్లినట్టయింది. లాయరమ్మ నా మొహం చూసి, అంకుల్, ముందు వాడినవాళ్ల హక్కు కూడా హక్కే, కాకపోతే అది మనం నిరూపించాలి అంది. నిరూపించాల్సినవి రెండు, మేం ముందు అని ఒకటి, రెండు పేర్లూ కలిసి జనాన్ని తికమక పెడుతున్నాయని రెండోది. మొదటిదానికి పాత బిల్లులు ఉన్నాయి, అచ్చు కూడా ఉంది. స్పీకరు ప్లాస్టిక్ డొప్ప పోసే ఉక్కు అచ్చు. పేరు కాయితం మీద అచ్చేసి అంటిస్తుంటే దొంగసరుకువాళ్లు ఊడదీసి వాళ్లవాటికి అంటిస్తున్నారని, అప్పు చేసి మరీ ఉక్కులోనే చెక్కించాను. చెక్కిన కార్ఖానా ఆయన చెక్కిన ఏడు కూడా పక్కనే పొడిచాడు. ఉక్కును ఎవరూ కాదనలేరు.

రెండో దాని దగ్గరే పీట ముడి పడింది. తికమక లేదంటారు వాళ్లు. మాది పెద్దింటి సామాను, అద్దాల షోరూములో అమ్ముతాం, వాళ్లది బజారు సరుకు, రెండింటినీ కలిపి చూసేవాడు ఉండడు అని వాళ్ల పెద్ద లాయరు రాశాడు. బజారు సరుకు అన్నందుకు నాకేం కోపం లేదు, బజారులోనే అమ్ముతాను. కానీ కలిపి చూసేవాడు ఉండడనడం అన్యాయం. మొదటి ఫిర్యాదు తెచ్చింది ఒక బట్టల కొట్టాయన. మీ స్పీకరు వెయ్యగానే మా ఇంట్లో ఉన్న ఆ పెట్టె చెప్పండి వింటున్నాను అంటోంది, దాని నోరు ముయ్యండి అన్నాడు. దాని నోరు మా చేతిలో లేదండీ అంటే వినడే. ఇంకొకాయన సాక్షాత్తూ బిల్లు పట్టుకొచ్చాడు. ఆయన భార్య మా స్పీకరు వేసిందట, అది టుంబూ అందట, వెంటనే పక్కన మోగుతున్న రేడియోలో ప్రకటన, ఇవాళే ఇంటికి తెచ్చుకోండి పెద్ద ఫ్రిజ్ అని. ఆ పెట్టె బుద్ధిగా ఫ్రిజ్ తెప్పించింది. ఉన్న ఫ్రిజ్ పక్కన కొత్త ఫ్రిజ్ నిలబడితే ఆయన వచ్చి నా ముందు నిలబడ్డాడు. పిలిచింది మీ అక్కగారి గొంతే, డబ్బు మీరే కట్టండి అంటాడు. ఇవన్నీ ప్రమాణ పత్రాల మీద రాయించి పెట్టాం. వాటికి కూడా వాళ్ల దగ్గర జవాబు ఉంది, ఇవి మీ కొనుగోలుదారులు మీకోసం చెప్పిన మాటలు అని.

ఇవన్నీ కాదు, నన్ను ఈ బెంచీ దాకా తెచ్చింది వాళ్ల మొదటి నోటీసు. మీరు మా పేరు వాడుకుంటున్నారు, తక్షణం మానండి. మా పేరు అట. షెడ్డులో పనివాళ్లందరి ముందూ నేనే గట్టిగా చదివాను, బల్ల మీద అప్పుడే ఆన్ చేసిన ముక్క ఒకటి టుంబూ అని పిలిచింది, అలవాటుగా ఆఁ అనాల్సినవాళ్లు అనలేదు. ఆ ఒక్క ముక్క పలకకుండా బల్ల మీద ఉండిపోయింది. నష్టాలు నేను చూడనివి కావు, సరుకు తడిసింది, వ్యాను తిరగబడింది, నమ్మినవాడు ముంచాడు. అప్పుడెప్పుడూ షెడ్డు అలా మూగబోలేదు. అక్కే లేచి వెళ్లి దాన్ని చేతిలోకి తీసుకుని, ఆపి మళ్లీ వేసి, ఆఁ అని పెట్టెలో పెట్టి, "కానివ్వండి, చేతులు కదలనివ్వండి" అంది. మేం కొట్లాటకు దిగామని తెలిశాక, పాత బిల్లులు చూశాక, వాళ్ల గొంతు మారింది. నోటీసులు పోయి ఫోన్లు వచ్చాయి, ఫోన్లు పోయి ఇదిగో ఈ మడతల కాయితం వచ్చింది.

లోపల సబ్బులవాళ్ల గొంతులు తగ్గాయి. కాయితాలు సర్దుతున్న చప్పుడు. టై ఆయన వాచీ చూసుకుని లేచాడు, మా బెంచీ దగ్గరికి వచ్చి, చోటు లేకపోతే నా ముందు వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. మంచి నవ్వు, ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. ఇన్ని నెలల్లో ఈ మనిషిలో ఒక వింత గమనించాను, ఇంత పోట్లాట ఏ పేరు మీదనో ఆ పేరు ఈయన నోటివెంట ఒక్కసారి రాలేదు. మన ప్రాడక్ట్ అంటాడు, ఆ పేరు అంటాడు, సదరు మాట అంటాడు. కొత్తగా పెళ్లయినవాళ్లు ఒకరి పేరు ఒకరు ఎత్తనట్టు.

"ఏమంటారు సార్, ఆలోచించారా?"

"ఆలోచిస్తూనే ఉన్నానండీ."

"పోనీ అది కాకపోతే ఇంకోటి చెప్తాను. ఆ పేరు ఇద్దరం వాడుకుందాం. చెరి సగం. మీవి మీరు అమ్ముకోండి, మావి మేం అమ్ముకుంటాం. ఇందాక రాసిన దాంట్లో కొంత తగ్గుతుంది, అంతే. ఇంతకంటే పెద్దమనసు ఎవరు చూపిస్తారు చెప్పండి?"

చెరి సగం అనేసరికి బల్ల మళ్లీ వచ్చి కళ్లముందు నిలబడింది, ఈసారి గీత జరగలేదు. గొడుగులాయనతో అన్నేళ్లు ఆ బల్ల పంచుకోగలిగాను, వేలెడు అటూ ఇటూ జరిగినా. ఎందువల్ల? విరిగిన గొడుగు పట్టుకుని నా దగ్గరికి ఎవరూ రాలేదు, పాడైన రేడియో పట్టుకుని ఆయన దగ్గరికి ఎవరూ పోలేదు. వచ్చినవాడు చేతిలో ఉన్నదాన్ని బట్టి అటో ఇటో తిరిగేవాడు. అదే ఆ సగంలో ఇంకో రేడియోలు బాగుచేసేవాడు, నాకంటే పెద్ద లైటు వేసుకుని, నాలాంటి బోర్డే కట్టుకుని కూర్చుని ఉంటే? వారంలో నా సగం కూడా వాడిదయ్యేది, వాడు నన్ను ఒక్క మాట అనకుండానే. రేపు ఎవరైనా అంగడికి వెళ్లి టుంబు ఇవ్వమంటే అంగడివాడు పెద్ద పెట్టె తీసి ఇస్తాడు, చిన్నది ఇమ్మంటే దొంగసరుకు మేం అమ్మం బాబూ అంటాడు. మా పేరు మీద మేమే దొంగలం అవుతాం. క్లాసు సంగతి గుమాస్తా కిటికీ దగ్గర నాకు తెలియలేదు కానీ, దాని మర్మమంతా ఆ సుద్దగీత దగ్గర ఎప్పుడో తెలుసుకున్నాను. వేరు వేరు పనులవాళ్లు బల్ల పంచుకోవచ్చు. ఒకే పని చేసేవాళ్లు పేరు పంచుకోలేరు. ఇంకా ఒకటి తట్టింది. పేరు లేనప్పుడు, హోల్‌సేలులో తెచ్చిన ముక్కలు అమ్మినప్పుడు, నా దగ్గరికి తిరిగి వచ్చినవాడల్లా పోట్లాటకే వచ్చాడు. పేరు వచ్చాక తిరిగి వచ్చేవాడు కొనడానికి వచ్చాడు. కుర్చీ అమ్మితే డబ్బా మీద కూర్చోవచ్చు. ఇది అమ్మితే కూర్చోవడానికి ఏదీ లేదు.

జేబులోంచి కాయితం తీశాను, మడతలు విప్పకుండా ఆయన చేతిలో పెట్టాను. "వద్దండీ. మీ యంత్రానికి ఇంకో పేరు నేర్పించండి. కంప్యూటరు దగ్గర వేల పేర్లు ఉన్నాయన్నారుగా. మా దగ్గర ఇదొక్కటే ఉంది."

ఆయన నవ్వు ఇస్త్రీ కాస్త నలిగింది. "ఇంత పట్టుదల ఎందుకండీ, అరచేతిలో పట్టే దానికి? ఏదీ, అంత గొప్పగా ఏముందో ఒకసారి చూడనివ్వండి" అని అక్క వైపు చెయ్యి చాపాడు.

అక్క సంచీలోంచి స్పీకరు తీసింది. ఇవ్వబోయి ఆగింది. పరీక్షించకుండా ఆవిడ చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి ఏదీ పోదు కదా, ఆయన ఎవరైతే ఏంటి, ఇది ఎక్కడైతే ఏంటి. బొటనవేలితో స్విచ్చి నొక్కింది. టుమ్మంది. వెంటనే వరండా మారుమోగేట్టు, బీరువాలో ఉక్కపోసిన నాటి గొంతు, "టుంబూ!"

వంగి నిలబడ్డ టై ఆయన గుండెల మీది జేబులోంచి మర్యాదగా, తీయగా, చదువుకున్న అమ్మాయి గొంతు పలికింది. "చెప్పండి, వింటున్నాను."

"ఆఁ" అంది అక్క, అలవాటు కొద్దీ.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత మా బెంచీ చివర ఎవరో ముసలాయన, ఏ అగరబత్తుల కేసుకో వచ్చినాయన, పొలమారేట్టు నవ్వాడు. ఆ నవ్వు వెంట సబ్బులవాళ్ల గుమాస్తాలు, ఆ వెంట వరండా అంతా. వాళ్ల ముగ్గురు లాయర్లలో చిన్నవాడు ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, ఫైలు ఊగుతోంది. టై ఆయన జేబులో చెయ్యి పెట్టి తడుముకుంటుంటే, లోపలి అమ్మాయి వదలదే, "మీకేం కావాలో చెప్పలేదు" అంటోంది. ఇన్ని నెలలు ఈ మనిషి ఆ పేరు ఎందుకు ఎత్తలేదో అప్పుడు తెలిసింది నాకు. పెళ్లికూతురి సిగ్గేమీ కాదు. ఎత్తితే జేబు పలుకుతుంది. తికమక లేదని కాయితం మీద రాసిస్తున్న కంపెనీ మనిషి, తికమక పడకుండా ఇంతకాలం నోరు కట్టుకు తిరుగుతున్నాడు.

"మీ అమ్మాయి భలే ఒద్దికండీ," అంది అక్క ఆయనతో. "మావాళ్లు ఎవరూ ఇంత మర్యాదగా పలకరు."

ఎట్టకేలకు ఆయన ఫోను ఆపాడు. తలుపు తెరుచుకుంది. గడియ దగ్గరి సందు ఉంది కదా, మేం వాళ్ల మాటలు విన్నట్టే లోపలివాళ్లు మా సంబరం విన్నారు. బంట్రోతు బయటికి వచ్చి మా నంబరు పిలిచాడు, పిలిచి వెళ్లిపోకుండా అక్కడే నిలబడి మమ్మల్నందరినీ పరకాయించి చూశాడు. "ఇందాక ఒకటి పిలిస్తే ఇంకొకటి పలికిందే, ఏవవి?" అన్నాడు. "ఆ రెండూ లోపలికి తెమ్మంటున్నారు మేడం. బల్ల మీద పక్కపక్కన పెట్టాలంట."

టై ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఫోన్లో చార్జింగ్ అయిపోయిందండీ."

"నా దగ్గర చార్జరుంది బాబూ," అని అక్క సంచీలో చెయ్యి పెట్టింది. "మాదే. అమ్ముతాం కూడా."

లాయరమ్మ నల్లకోటు సర్దుకుని నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేసింది. నేను లేచాను. వీపు ఆనించుకోవడానికి ఏమీ లేని బెంచీ మీద ఇంతసేపు కూర్చుంటే నడుం పట్టేసింది, అయినా లేచిన పద్ధతి నాకే నచ్చింది. గుమ్మం దాటేలోపు మనసులో పద్దు కట్టాను, ఎప్పటి అలవాటు. తెచ్చింది ఒక స్పీకరు, ఒక అక్క, ఉక్కులో చెక్కిన ఒక మాట. వదులుకుంది సొంత కప్పు, దాని మీద ఇంకో అంతస్తు. లోపల మేడం ఏం తేలుస్తుందో తెలియదు, తేలనిది లెక్కలో రాయను. రాయదగ్గవి ఇవి. చేతిలోకి వచ్చిన కాయితం వాళ్ల చేతిలోకే తిరిగి పోయింది. తికమక ఉందని ఇక మేం రుజువు చెయ్యక్కర్లేదు, వాళ్లే జేబులో పెట్టుకుని తెచ్చారు. పేరు చెరి సగం కాలేదు. మొదట్లో సగం బల్ల ఉండేది నాకు. ఇప్పుడు నా ముందు మేడం గారి బల్ల ఉంది, దాని మీద గీత లేదు, అక్క స్పీకరు తీసి సరిగ్గా దాని నడిమధ్యన పెట్టింది.